గండుపిల్లి కోసం ఇరవై ఒక్క రోజులు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఆ రెండూ తెలిసిన దేవునికి ముందుగా స్తోత్రం. పైరు ఎండిపోయిన ఏడు కూడా చీమ నోటికి గింజ అందించినవాడికి స్తోత్రం. గొర్రెనూ గండుపిల్లినీ ఒకే చేత్తో చేసినవాడికి స్తోత్రం. నా నోటికి ఓర్పు తక్కువ ఇచ్చినా, ఆ నోటినే తన పాటలకు వాడుకుంటున్నవాడికి వెయ్యి స్తోత్రాలు.

మాది బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే పల్లె. మా ఆయన అక్కడ చిన్న సంఘానికి కాపరి. రేకుల మందిరం, దాని వెనక గోడకు ఆనుకొని మా రెండు గదుల ఇల్లు. ఊళ్ళో ఆయనను అయ్యగారంటారు, నన్ను అమ్మగారంటారు. ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పడం, శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన నడపడం నా పని. మా నాయన కూడా సంఘ పెద్దగా ఉండినవాడే. నాకు అక్షరాలూ వాక్యమూ ఒకే బల్ల మీద వచ్చాయి. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను ప్రార్థనను తక్కువ చేసే మనిషిని కాను. కింద రాసింది చదివి ఎవరూ అట్లా అనుకోకూడదు.

మందిరంలో ఎలుకలు చాపలు కొరికి, చివరికి డోలక్ తోలు కూడా కొరికిన ఏడు, పక్క దొడ్లో పశువుల మేతకు వేసిన చెనక్కాయ కట్టె వామి కింద ఒక పిల్లికూన దొరికింది. పసుపు చారలు, చెవులు మాత్రం ఒంటికి మించినవి. నేనే తెచ్చి పాలు పోసి పెంచాను. మగది కాబట్టి వాడనే అంటాను, వేరే పేరు పెట్టలేదు. ఆరు నెలలు తిరగకముందే మందిరంలో ఎలుక అన్నమాట లేకుండా చేశాడు. నాకు కీళ్ళ జ్వరం వచ్చి మంచం దిగలేకపోయిన రోజుల్లో, వచ్చి నా మోకాళ్ళ మీద పడుకొని పొయ్యిలో నిప్పు మాదిరి వెచ్చగా ఉండేవాడు. సంఘంలో అందరూ వచ్చి ప్రార్థన చేసి పోయారు. వాడు మాత్రం పోలేదు.

ఎనిమిదో నెల వచ్చేసరికి వాడి మెడ లావెక్కింది, దవడలు ఉబ్బాయి, నడకలో దర్పం వచ్చింది. ఒకరోజు ప్రసంగ పీఠం దగ్గరికి పోయి, దానికి వీపు పెట్టి, తోక నిలువుగా ఎత్తి వణికిస్తూ చిమ్మాడు. మామూలు ఉచ్చ వాసన కాదు అది. సబ్బుకు పోదు, ఫినాయిలుకు పోదు, ఎండలో ఆరేస్తే ఇంకా లేస్తుంది. మొదట పీఠం మీది గుడ్డ, తర్వాత డోలక్, ఆ తర్వాత ఆడవాళ్ళు చెప్పులు విడిచేచోటు.

శుక్రవారం ప్రార్థనకు వచ్చే కూలి పనుల చెల్లెలొకామె ఉంది, ఆమె నోటికి అడ్డు లేదు. "అమ్మగారూ, పోయిన వారం మోకరించినప్పుడు నాకు కండ్లల్లో నీళ్ళు కారినాయి. అందరూ ఆత్మ కదిలించినాడు అనుకున్యారు. పిల్లి కంపు తల్లీ అది!" అంది.

నవ్వాను. అప్పటికి నవ్వు వచ్చేది.

మాకు గోడకవతల పట్టుచీరలు నేసే కుటుంబం. వాళ్ళు కొలిచే దేవుళ్ళు వేరు. పండగకు వాళ్ళ ఇంటి నుంచి మాకు ఓళిగలు వస్తాయి, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి వాళ్ళకు కేకు పోతుంది. ఆ ఇంటి నేతన్న పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే, గది పొడవునా పట్టు పడుగు బిగించి ఉంటుంది. ఆ దారాలకు చెమట చెయ్యి తగిలినా ఒప్పుకోడు. మా వాడు రేకుల సందులోంచి దూరి ఆ పడుగు మీదనే చిమ్మాడు.

అతను మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కేకలు వేయలేదు. వేసి ఉంటే నాకు సులభంగా ఉండేది.

"అక్కా, నీ మీద నాకు గౌరవం ఉండాది. నీ పిల్లి మీద లేదు."

"ఏమైందప్పా?"

"ఏమైందా? వచ్చి వాసన చూడు. పెండ్లికూతురు కట్టుకునే చీర అది. పీటల మీద కూర్చుంటే పురోహితుడు లేచి పరిగెత్తుతాడు."

పోయి చూశాను. వెన్నరంగు పట్టు మీద జానెడు మరక. అతని భార్య తడిగుడ్డ చేతిలో పట్టుకొని, తుడిస్తే రంగు పోతుందేమోనని భయపడుతూ నిలబడి ఉంది.

"ఈ మరక కాడికి కత్తిరించి, మిగతాది ఎట్లనో నేస్తా," అన్నాడు. "ఇది దిగి కొత్త పడుగు ఎక్కడానికి నెల పైన పడతాది. ఆ లోపల నువ్వు ఏదో ఒకటి చెయ్యి. ఇంకోసారి నా గడప తడిసిందంటే గోనెసంచిలో కట్టి తనకల్లు దాటించి వదిలేస్తా. మా బామ్మర్ది ఆటో ఆ పక్కకే పోతాది. నేను చంపనక్కా, పాపం. తిరిగి రాకుండా మాత్రం చూస్తా."

చంపనన్నాడు. కానీ ఆ మెట్టనేలల్లో ఇల్లెరగని పిల్లికి నీళ్ళు ఎవరు పోస్తారు? కుక్కలు ఊరుకుంటాయా? నాకు లెక్క అర్థమైంది. కొత్త పడుగు ఎక్కేలోపల వాడు ఈ అలవాటు మాననైనా మానాలి, లేదంటే వాడు నాకు దక్కడు.

ఇంట్లో పెట్టి తలుపేస్తే, ఆరాధన జరుగుతున్నంతసేపూ గోడలు పగిలేటట్టు అరిచాడు. నడుముకు తాడు కడితే ఒక గంటలో తాడు ఒకచోట, వాడొకచోట.

మరుసటి రోజు మండలంలోని పశువుల ఆస్పత్రికి పోయాను. డాక్టరు గొర్రెల టీకాలకు పోయాడు. ఒక కాంపౌండరు నా మాటలు విని, చేతులు కడుక్కుంటూ చాలా మామూలుగా చెప్పాడు.

"విత్తులు తీయించమ్మా. పిల్లికి మేం ఈడ చెయ్యం, అనంతపురంలో ఒక డాక్టరమ్మ గురువారం గురువారం చేస్తాది. మగపిల్లి చిమ్మేది ఒంట్లో పొగరుతోనే. ఆడపిల్లుల కోసం ఊళ్ళు తిరిగేది, కొట్టుకునేది, కరిపించుకునేది, అంతా దాంతోనే. అది తీసేస్తే చానా మటుకు పిల్లులు మానుకుంటాయి."

"ఆ రోజే మానేస్తుందా?"

"కొళాయి కట్టేసినట్ల కాదమ్మా. ఒంట్లో ఉండేది దిగేదానికి కొన్ని వారాలు పడతాది. ఒక మాట. ఆలస్యం చేసేకొద్దీ ఊరికే అలవాటుగా చిమ్మేది మిగిలిపోతాది. చిమ్మేది మొదలుపెట్టకముందే తెచ్చింటే ఇంకా బాగుండు. రేపే పో."

రేపే పో అన్నాడు. ఆ రెండు మాటలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఎందుకంటే నేను పోలేదు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పొలంలో బోరు వేయాలన్నా, పిల్లకు సంబంధం చూడాలన్నా, ముందు విషయం ఆదివారం సంఘం ముందు పెట్టి, ఇరవై ఒక్క రోజులు ప్రార్థన చేసి, తర్వాత తీర్మానం చేస్తాం. ఆ ఆచారంలో నేను మేలు చూశాను. ఆ ఇరవై ఒక్క రోజుల్లో తాగుబోతు సంబంధాలు రెండు బయటపడి తప్పిపోయాయి. అందుకని మా ఆయన, "మందిరంలో తిరిగే పిల్లి కదా, మనమొక్కళ్ళమే పోయి చేయించినామంటే రేపు మాట వస్తాది. సంఘంలో పెడదాం" అంటే, సరేనన్నాను. తప్పు నాదే. పిల్లిని సంబంధంతో సమానం చేశాను.

ఆదివారం ప్రార్థన మనవుల వేళ నేనే లేచి చెప్పాను. మా సంఘ పెద్ద, గొర్రెలూ ఎద్దులూ ఉన్న రైతు, నా మాట పూర్తికాకముందే చెయ్యెత్తాడు.

"అమ్మగారూ, దేవుడు ఫలించమన్నాడు. తీసెయ్యమని యాడా చెప్పలేదు."

"పెద్దాయనా, నీ దొడ్లో ఎద్దులు రెండూ ఫలిస్తాండాయా?" అన్నాను.

చాపల మీద నవ్వు లేచింది. ఆయనకు చెవులు ఎర్రబడ్డాయి. "అది సేద్యానికమ్మా. విత్తులు కొట్టించకపోతే మెడ మీద కాడి ఉండనిస్తాయా?"

"మరి నీ పొట్టేళ్ళు?"

"అవి కండ పట్టేదానికి."

"కాడికి చేయొచ్చు, కండకు చేయొచ్చు. పక్కింటోళ్ళ మగ్గం బాగుండాలని చేస్తేనే పాపమా?"

ఆయన తగ్గలేదు. "విత్తు నలిగినదాన్ని దేవుని సన్నిధికి తేవొద్దని ధర్మశాస్త్రంలో ఉండాది. ఆ పిల్లి పడుకునేది మందిరంలోనే కదా?"

"అది బలిపీఠం మీద అర్పించే జంతువు సంగతి. మన పిల్లిని ఎవరర్పిస్తున్నారు? తన పశువు ప్రాణం పట్టించుకునేవాడే నీతిమంతుడని కూడా వాక్యంలోనే ఉంది."

వాక్యంలో ఆయనకంటే నాకు పట్టు ఎక్కువ. ఆ సంగతి ఆయనకు తెలుసు, అందరికీ తెలుసు. అయినా మా ఆయన లేచి మధ్యలో నిలబడి, అలవాటైన ఆ మెత్తని గొంతుతో, "ప్రార్థిద్దాం" అన్నాడు. ఇరవై ఒక్క రోజులు పిల్లి ప్రవర్తన మారాలని ప్రార్థన. మారకపోతే అప్పుడు ఆలోచన. అందరూ ఆమేనన్నారు. నా నోరు కూడా అంది.

ఆ రోజుల్లో నేను విన్న ప్రార్థనలు దేవుడు ఎట్లా ఓర్చుకున్నాడో! "ప్రభువా, ఈ పిల్లిలోని తిరుగుబోతుతనాన్ని పెరికి పారెయ్యి" అని ఒకామె కన్నీళ్ళతో మొరపెట్టింది. పక్కనే మోకరించిన ఆ నోటి దురుసు చెల్లెలు, కండ్లు మూసుకునే, "ఆ ప్రార్థనలోనే మా ఇంటాయనను కూడా కలుపు అక్కా. ఆపరేషనంటూ చేయిస్తే ముందు ఆయనకే చేయించాల, వారానికి రెండుసార్లు గోడ దూకుతాండాడు" అంది. ప్రార్థన ఆగిపోయి అందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పిల్లి మాత్రం ఆ పూట కూడా చెప్పుల మీద చిమ్మిపోయింది.

పదమూడో రోజు వాడు ఇంటికి రాలేదు. పద్నాలుగు, పదిహేను. సద్దన్నం గిన్నె పట్టుకొని ఊరు చుట్టూ పిలిచాను. ఎద్దడి రోజులు, బావుల్లో నీళ్ళు లేవు. యాడ దాహం తీర్చుకుంటున్నాడోనన్న ఆలోచనతో నాకు అన్నం దిగలేదు. పదిహేడో రోజు మధ్యాహ్నం ఇంటి వెనక తొట్టి దగ్గర కనబడ్డాడు. ఎముకలు తేలి ఉన్నాడు. ఎడమ చెంప నిమ్మకాయంత వాచి, చీము కారుతోంది. అదే పక్క కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇంకో గండుపిల్లి గోరు తగిలింది. ముట్టుకుంటే నన్ను కూడా కరవబోయి, నన్ను గుర్తుపట్టి ఆగిపోయాడు.

ఆస్పత్రికి ఎత్తుకుపోతే కాంపౌండరు చీము తీసి సూది వేశాడు. "ఇంకా చేయించలేదా అమ్మా?" అన్నాడు. ప్రార్థనలో పెట్టినామని నేను చెప్పలేదు. మా పొరపాటుకు దేవుని పేరు పాడవుతుందని.

ఇంటికొచ్చి మా ఆయనతో, "ఈ గురువారమే పోతా" అన్నాను.

"ఇంక నాలుగు రోజులే గదా. సంఘానికిచ్చిన మాట. పుండు కూడా మానాల కదా."

మళ్ళీ ఆగాను. కోపం ఎవరి మీద చూపాలో తెలియని మనిషి గిన్నెలు తోముతుంది. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో గిన్నెలు తళతళలాడాయి.

ఇరవై ఒకటో రోజు పెద్దాయన లేచి, "దేవుడు ఇంకా జవాబియ్యలేదు. ఇంకో ఏడు రోజులు పెడితే మంచిది" అన్నాడు.

"ఇచ్చినాడు పెద్దాయనా," అన్నాను. "పిల్లి కంట్లో రాసి పంపినాడు. మీరెవరూ చదవలేదు. గురువారం నేను అనంతపురం పోతున్నా."

మా ఆయన నా ముఖం చూసి, ఈసారి ప్రార్థిద్దామని అనలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఒక్కటే షరతు గట్టిగా చెప్పింది. ముందు రోజు సాయంత్రం నుంచి తిండి పెట్టకూడదు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఏమన్నా ఉంటే కక్కుకుంటాడు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. బుధవారం సాయంత్రం వాడిని మందిరం పక్కన చాపలు పెట్టే గదిలో వేసి గడియ పెట్టాను. ఆడవాళ్ళందరికీ చెప్పాను కూడా: రేపు పిల్లికి ఉపవాసం.

గురువారం పొద్దున గంపలో వాడిని కూర్చోబెట్టి, పైన గుడ్డ కట్టి బస్సెక్కాను. కండక్టరు గంప వైపు చూసి, "ఏముండాదమ్మా, కోడా?" అన్నాడు. లోపలి నుంచి వాడే జవాబు చెప్పాడు. "పిల్లికి కూడా పోలేరమ్మ జాతరనా?" అని బస్సంతా నవ్వింది. సగం దారిలో గంప కదిలింది. వాసన వచ్చింది. గుడ్డ తీసి చూస్తే, వాడు కక్కి ఉన్నాడు. రాగిసంగటి ముద్దలు, కోడికూర తునకలు. మసాలాతో సహా.

డాక్టరమ్మ మా గంపలోకి చూసి చేతి తొడుగులు విప్పేసింది. "ఈ రోజు చేయను. వచ్చే గురువారం తీసుకురండి. ఎవరు పెట్టారో అడగను, కానీ ఇంకోసారి పెడితే పిల్లి బతకదని వాళ్ళకు చెప్పండి."

ఎవరు పెట్టారో నేను అడగకుండానే తెలిసింది. మందిరం తెల్లవారకముందే ఊడ్చేది పెద్దాయన భార్య. నేను దిగి వచ్చేసరికి అరుగు మీద కూర్చొని చెనక్కాయలు ఒలుస్తోంది.

"పెద్దమ్మా, పిల్లికి కూడు పెట్టినావా?"

"గడియ తీసి చూస్తే ఒకటే ఏడుపు తల్లీ. మా ఇంట్లో మిగిలిన కూర రొంత, సంగటి రొంత పెట్టినా. మనమంటే పాపం చేసినాము, ఉపవాసం ఉంటాము. నోరులేని దానికి ఏం పాపమని?"

"చెప్పినాను కదా పెద్దమ్మా! పాత కాలంలో ఒక పట్టణమంతా ఉపవాసం ఉన్నప్పుడు పశువులు కూడా మేత ముట్టలేదని నీకే కదా నేను నేర్పించింది!"

ఆమె ఒక కాయ ఒలిచి గింజ నోట్లో వేసుకుంది. "వాటికి గంప లోపల కూర్చుని బస్సెక్కే కష్టం లేదులే తల్లీ," అంది.

ఆమెది దయ. దయతో వాడిని చంపబోయింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ మింగి ఇంట్లోకి పోయాను.

సోమవారం పక్కింట్లో కొత్త పడుగు ఎక్కింది. మంగళవారం మధ్యాహ్నం, మా ఇంట్లో అన్ని సందులూ గుడ్డలతో మూసినా, వాడు యాడి నుంచో బయటికి దూరిపోయాడు. నేతన్న భార్య మా కిటికీ దగ్గరికొచ్చి, "వదినా, గడప మీద చిమ్మిపోయింది. ఆయన సంచి తీసుకున్యాడు. రోడ్డుకు పోతాండాడు. నువ్వు తొందరగా పో" అని చెప్పి, తాను చెప్పినట్టు తెలియనివ్వద్దని చెయ్యూపింది.

చెప్పులు లేకుండా పరిగెత్తాను. రోడ్డు దగ్గర వేపచెట్టు కింద అతను సంచి కాళ్ళ దగ్గర పెట్టుకొని నిలబడి ఉన్నాడు. బామ్మర్ది ఆటో ఇంకా రాలేదు. సంచి లోపల వాడు అరవడం లేదు. ఆ మౌనమే నన్ను భయపెట్టింది.

"అప్పా, రెండు రోజులు. గురువారం చేయిస్తా."

"పోయిన గురువారం కూడా అదే చెప్పినావు."

"పోయినాను. పెద్దమ్మ కూడు పెట్టింది, డాక్టరు ఒప్పుకోలేదు."

"ముందు ఇరవై ఒక్క రోజులు?"

అతను నా కాళ్ళ వైపు చూశాడు. ముల్లు గుచ్చుకొని రక్తం కారుతోంది, నాకే తెలియలేదు. సంచి ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఆటో వైపు కాదు, ఊరి వైపు.

"గురువారం దాకా ఇది నా ఇంట్లో ఉంటాది. పట్టు కొనే పని మీద నేనే అనంతపురం పోతాండా, తోడొస్తా. బుధవారం పొద్దుమునిగినాక ఎవరు దీని నోటికి మెతుకు పెడతారో నేనూ చూస్తా. మీ సంఘంలో ఉపవాసం ఎట్లుంటాదో నాకు తెలియదక్కా. మా ఇంట్లో ఉపవాసమంటే ఉపవాసమే."

ఆ మాట నాకు దెబ్బ మాదిరి తగిలింది. ఇప్పటికీ తగులుతుంది. వాక్యం నాకు తెలుసు, సంఘం నాది, పిల్లి నాది. ఆ పిల్లి కడుపు కాపాడింది మాత్రం పడుగు పాడైపోయిన మనిషి.

గురువారం డాక్టరమ్మ బల్ల మీద వాడు పొద్దున్నే మత్తులో పడుకున్నాడు. ఆడపిల్లికైతే కడుపు కోయాలి, మగవాడికి పెద్ద పని కాదని ముందే చెప్పింది. నేను బయట బెంచీ మీద నా ప్రార్థన నేను చేసుకున్నాను. నేతన్న తల వంచుకొని కూర్చున్నాడు, అతను ఏం అనుకున్నాడో నేను అడగలేదు. పని అయ్యాక ఆమె బయటికొచ్చి, అంతా బాగుందని చెప్పి, కన్ను గురించి చెప్పింది. ఆ కంటికి చూపు రాదు. కొట్లాటల్లో కాట్ల నుంచి పిల్లికి పిల్లికి జబ్బులు అంటుకుంటాయి, అదృష్టం, ఇంకేమీ తగలలేదు. "ఒక నెల ముందు తెచ్చి ఉంటే ఆ కన్ను ఉండేది," అంది. చెడ్డగా అనలేదు. ఉన్న మాట అంది.

ఆ తర్వాత కూడా సుఖం వెంటనే రాలేదు. పన్నెండో రోజు మళ్ళీ మందిరం గుంజకు చిమ్మాడు. నేతన్న రోజూ గడప ముక్కుతో చూసుకునేవాడు. "కొళాయి కట్టలేదు మీ డాక్టరు," అనేవాడు. నేను కాంపౌండరు మాట అతనికి పదిసార్లు చెప్పి ఉంటాను. నాలుగు వారాలు దాటాక వాసన పల్చబడింది. రెండు నెలలకు చిమ్మడం ఆగింది. ఊళ్ళు తిరగడం మానేశాడు. ఆకలి మాత్రం రెండింతలైంది. కొలిచి పెట్టకపోతే లావెక్కుతాడని డాక్టరమ్మ చెప్పింది నిజమే, పొట్ట నేలకు రాస్తోంది ఇప్పుడు. ఆపరేషనైతే బలం పోతుంది, ఎలుకలు పట్టడు అని పెద్దాయన ఊరంతా చెప్పుకొచ్చిన మాట మాత్రం అబద్ధం. ఒంటి కన్నుతోనే పోయిన వారం పెద్దాయన చెనక్కాయ బస్తాల్లోనే రెండు పందికొక్కులను పట్టి, ఆయన వాకిట్లోనే పెట్టి వచ్చాడు.

ఇక్కడితో ఆపితే బాగుండు. కానీ సాక్ష్యాల ఆదివారం ఒకటి వచ్చింది. పెద్దాయన లేచి, రెండు చేతులూ ఎత్తి, "మనం ఇరవై ఒక్క రోజులు ప్రార్థన చేసినాము. చూడండి, దేవుడు ఆ పిల్లి గుణం మార్చినాడు" అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. ఒంటి కన్ను పిల్లి పీఠం కింద పడుకొని ఉంది. నా పక్కనున్న చెల్లెలు నా మోచేయి గిల్లి, "ఊరకుండు అమ్మగారూ, ఊరకుండు" అంది. ఊరకున్నాను. పళ్ళు నొప్పి పుట్టేంత ఊరకున్నాను. దేవుడు మార్చాడన్నది అబద్ధం కాదు కదా. డాక్టరమ్మ చేతులు కూడా ఆయనే చేశాడు. నా బాధ అది కాదు. ఆ ఇరవై ఒక్క రోజుల్లో పోయిన కన్ను ఆ సాక్ష్యంలో లేదు.

పది రోజుల కింద పెద్దమ్మ ఒడిలో ఒక నల్ల పిల్లికూనను తెచ్చి మందిరంలో వదిలింది. ఐదో నెల, మగది. "దీన్ని కూడా పెంచుకో తల్లీ," అంది. పెద్దాయన వెనకే వచ్చి, దాన్ని చూసి, నవ్వుతూ, "పోయినసారి మాదిరే ఇరవై ఒక్క రోజులు పెట్టుకుందాం" అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియలేదు. నేను అప్పుడే ఫోన్ తీసి డాక్టరమ్మకు చెప్పేశాను. ఈ గురువారమే. బుధవారం సాయంత్రం నుంచి కూన నేతన్న ఇంట్లో ఉంటుంది. అతనే అడిగాడు.

ఈ మాటలు చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఏ సంఘం వారైనా సరే, నాతో పాటు ఒక్క నిమిషం కండ్లు మూసుకోండి. పెద్ద సంగతులు అడగొద్దు. ఈ కూనకు రెండు కండ్లూ మిగలాలని అడగండి. బస్సు సమయానికి రావాలని అడగండి. నేను ఆగాల్సిన చోట ఆగకుండా, పోవాల్సిన రోజు పోయేటట్టు నా కాళ్ళకు బలమియ్యమని అడగండి. గురువారం పొద్దున దాకా మా పెద్దమ్మ చేతిలోని సంగటి ముద్దను దేవుడే గట్టిగా పట్టి ఉంచాలని, దయచేసి, నాతో కలిసి ప్రార్థించండి. ఆమేన్.